తగ్గని బల్ల



మన కోనసీమలో పాతతరం వారందరికీ "బల్ల" అనే మాట తెలుసు. కూర్చునే బల్ల కాదు, కడుపులో పెరిగే బల్ల. ఎడమవైపు పక్కటెముకల చాటున చేతికి అందకుండా ఉండవలసిన ప్లీహం వాచి, కిందికి దిగి, తడిమితే గట్టిగా తగిలే స్థితిని ఆ పేరుతో పిలిచేవారు. మలేరియా ఎక్కువగా ఉన్న కాలంలో పిల్లలకు బల్ల పెరగడం వింతేమీ కాదు. జ్వరం తగ్గితే నెమ్మదిగా బల్ల కూడా తగ్గేది. అందుచేత ఇళ్ళలోని పెద్దలు గాని, మాబోటి వైద్యులు గాని దానికి పెద్దగా కంగారు పడేవాళ్ళం కాదు. నేటి నా వ్యాసం తగ్గని బల్ల గురించి. ఇందులో కొంత భాగం నా పొరపాటు కథ కూడా. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వ్యాధికి సంబంధించిన సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

1982లో రాజోలుకు దగ్గరలోని ఒక గ్రామంలో నేను ప్రాక్టీసు చేసేవాణ్ణి. వానాకాలంలో ఒకరోజు ఒక తల్లి నాలుగేళ్ళ కొడుకును చంకనెత్తుకుని వచ్చింది. వెనుక ఆమె అత్తగారు. పిల్లవాడి చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉన్నాయి. కడుపు మాత్రం కుండలా ముందుకు వచ్చింది. చొక్కా ఎత్తి చూస్తే ఎడమవైపున నాలుగు వాతల మచ్చలు కనిపించాయి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగాను.

"ఆయ్, రెండేళ్ళ నుంచండి. అన్నం నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయిందంటాడండి. ఆడుకోడండి. ఊరికే కూలబడిపోతాడు."

వాతలు పెట్టించినందుకు ఆ అత్తగారిని గట్టిగా కేకలేశాను. చదువుకున్నవాడినన్న అహంకారం నా గొంతులో బాగానే వినిపించి ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే, వాత పెట్టినవాడు కనీసం జబ్బున్న చోటునైనా సరిగ్గా పట్టుకున్నాడు. నేను అదీ సరిగా చేయలేదు.

రంగరాయ వైద్య కళాశాలలో మా గురువులు మొదటే చెప్పిన పాఠం ఒకటి ఉంది. ప్లీహం కోసం ఎడమ పక్కటెముకల దగ్గర వెదకవద్దు, కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా పైకి రండి అనేవారు. ప్లీహం బాగా పెరిగినప్పుడు దాని అంచు బొడ్డు దాటి కుడివైపుకు వచ్చేస్తుంది. ఎడమవైపు నుంచి మొదలుపెడితే మన చేయి నేరుగా ప్లీహం మీదనే ఉంటుంది కాని, అది ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఆ రోజు బయట నలభై మంది రోగులు ఎదురు చూస్తున్నారు. ఎడమవైపు నొక్కి చూసి "బల్ల ఉంది" అనుకున్నాను. ఎంత ఉందో కొలవలేదు. మలేరియా మాత్రలూ, నులిపురుగుల మందూ, ఇనుము టానిక్కూ రాసి పంపాను.

తరువాత రెండేళ్ళ పాటు ఆ పిల్లవాడు నా దగ్గరకు వస్తూనే ఉన్నాడు. ఒకసారి ముక్కు వెంట రక్తం. వేడి చేసిందన్నాను, విటమిన్ మాత్రలు ఇచ్చాను. ఒకసారి రాత్రిళ్ళు కాళ్ళనొప్పులతో ఏడుస్తున్నాడన్నారు. ఎదిగే పిల్లలకు అలాంటివి మామూలేనన్నాను. చిన్న దెబ్బకే ఒళ్ళు కమిలి నీలం మచ్చలు పడుతున్నాయన్నారు. అల్లరి పిల్లవాడు కదా అన్నాను. అల్లరి చేసే ఓపిక వాడికి లేదని తల్లి మొదటి రోజే చెప్పింది, నేను మరచిపోయాను. నాలుగు లక్షణాలకు నాలుగు మందులు ఇచ్చాను తప్ప, ఆ నాలుగూ ఒక్క పిల్లవాడివేనని ఒక్కసారైనా కూర్చుని ఆలోచించలేదు.

ఆ పిల్లవాడి వ్యాధి పేరు గోషే. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే 1882లో తన సిద్ధాంత వ్యాసంలో, ప్లీహం విపరీతంగా పెరిగిన 32 సంవత్సరాల స్త్రీ గురించి రాశాడు. ఆయన కూడా దానిని ఒకరకమైన క్యాన్సరు గడ్డ అనే అనుకున్నాడు. మన పత్రికలు ఆ ఇంగ్లీషు అక్షరాలను చూసి రకరకాలుగా రాస్తున్నాయి గాని, ఫ్రెంచి వారి ఉచ్చారణ మాత్రం గోషేకు దగ్గరగా ఉంటుంది.

ఈ వ్యాధిలో ఏమి జరుగుతుందో చెప్పడానికి మన ఊరి ఉపమానమే తీసుకుంటాను. కొబ్బరితోటలో దింపు అయిన తరువాత కాయలను దొడ్డిలో రాశి పోస్తారు. ఒలిచేవాడు వచ్చి గునపం మీద ఒక్కొక్క కాయనూ ఒలిచి పీచునూ కాయనూ వేరు చేస్తాడు. ఒలిచేవాడు రావడం మానేశాడనుకోండి. దింపు మాత్రం ఆగదు. రెండు నెలలకొకసారి కాయలు వచ్చి పడుతూనే ఉంటాయి. మొదట దొడ్డి నిండుతుంది, తరువాత అరుగు, ఆ తరువాత మనం తిరిగే నడవా కూడా నిండిపోతుంది. మన శరీరంలో కాలం తీరిన రక్తకణాలను తినివేసే కణాలు ప్లీహంలోను, కాలేయంలోను, ఎముకల మూలుగలోను ఉంటాయి. ఆ రక్తకణాల పొరలో గ్లూకోసెరిబ్రోసైడ్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దానిని విడగొట్టే పని గ్లూకోసెరిబ్రోసైడేజ్ అనే ఎంజైముది. ఆ ఎంజైమే మన ఒలుపువాడు. గోషే పిల్లలలో అది పుట్టుకతోనే లోపించి ఉంటుంది. కొవ్వు కరగక కణాలు ఉబ్బిపోతాయి. వాటితో ప్లీహం మామూలు కంటె పది రెట్లు, కొందరిలో అంతకు మించి పెరుగుతుంది. కాలేయం కూడా పెరుగుతుంది. పెరిగిన ప్లీహం మంచి రక్తకణాలను సైతం పట్టి ఆపేస్తుంది. మూలుగలో కొత్త కణాలు పుట్టడానికి చోటు తగ్గిపోతుంది. అందువలన రక్తహీనత, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం, కమిలిన మచ్చలు. మూలుగ నిండిపోయి ఎముకకు రక్తప్రసారం తగ్గితే నొప్పులు. నేను నాలుగు మందులు రాసిన ఆ నాలుగు లక్షణాలకూ మూలం ఒక్కటే.

అయితే వ్యాధి అందరిలోనూ ఒకే తీరుగా నడవదు. వైద్యులు దీనిని మూడు రకాలుగా విభజించారు. మొదటి రకంలో మెదడు దెబ్బతినదు. కొందరికి రెండు మూడేళ్ళ వయసులోనే కడుపు పెరుగుతుంది. కొందరు పెద్దవారై, మరేదో కారణంతో స్కానింగు తీయించుకున్నప్పుడు బయటపడుతుంది. ఒకే తల్లి బిడ్డలలో కూడా తీవ్రత వేరువేరుగా ఉండవచ్చు. రెండవ రకం అత్యంత కఠినమైనది. మూడు నుంచి ఆరు నెలల పసివయసులోనే కడుపు ఉబ్బడంతో పాటు బిడ్డ మెడ వెనక్కు విరుచుకుపోవడం, మెల్లకన్ను, పాలు మింగలేకపోవడం, ఊపిరిలో కీచుమనే శబ్దం, మూర్ఛలు కనిపిస్తాయి. ఆ బిడ్డలలో చాలామంది రెండేళ్ళు దాటరు. దానికి మందు ఇప్పటికీ లేదు. మూడవ రకం ఈ రెండింటికీ నడుమది. మెదడు దెబ్బతింటుంది కాని నెమ్మదిగా. దాని తొలి గుర్తు కన్నులలో ఉంటుంది, తల్లులు గమనించవలసినది అదే. పక్కకు చూడవలసి వచ్చినప్పుడు ఆ పిల్లవాడి కనుగుడ్లు చురుకుగా కదలవు. అందుకని తలను ఒక్కసారిగా విదిలించి తిప్పుతాడు, లేదా రెప్పలు ఆర్పి చూపు మారుస్తాడు. చూసేవాళ్ళు అదొక అలవాటు అనుకుంటారు. మన దేశపు రోగులలో ఎక్కువగా కనిపించే జన్యు మార్పు ఈ మూడవ రకంతో ముడిపడినదే కనుక, కడుపు పెరిగిన పిల్లవాడి కళ్ళను కూడా పరీక్షించడం మన వైద్యులకు తప్పనిసరి.

మళ్ళీ కథలోకి వస్తాను. 1984లో ఆ పిల్లవాడి రక్తం బాగా తగ్గిపోయింది. నేను చీటీ రాసి పట్నంలోని పెద్ద ఆసుపత్రికి పంపాను. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి దాటి వెళ్ళారు. అక్కడి శస్త్రవైద్యులు ప్లీహాన్ని తీసివేశారు. ఆ కాలంలో అందరూ చేసినది అదే, అందులో వారి తప్పేమీ లేదు. నెలరోజులలో రక్తం పెరిగింది, ముక్కు వెంట రక్తం ఆగింది. తల్లి నాకు అరటిగెల తెచ్చి ఇచ్చింది. తీసిన ప్లీహాన్ని పరీక్షకు పంపారనీ, రిపోర్టు తరువాత వచ్చి తీసుకోవాలనీ డిశ్చార్జి కాగితం మీద ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నేను చదివాను. "ఎప్పుడైనా అటు వెళితే తెచ్చుకోండి" అన్నాను. రెండు పంట్లు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, బాగయిన పిల్లవాడి కాగితం కోసం ఎవరు వెళతారు? ఒక కార్డు ముక్క రాసి నేను తెప్పించుకోవచ్చు. ఆ పని చేయలేదు.

ప్లీహం తీసివేస్తే రక్తం బాగుపడుతుంది గాని ఈ వ్యాధి ఆగదు. నిలువ ఉండే దొడ్డి పోయినా దింపు ఆగనట్టే, ఆ కొవ్వు ఎముకలలోను కాలేయంలోను ఇంకా ఎక్కువగా చేరుతుంది. శస్త్రచికిత్స అయిన ఏడాదిన్నరకు పిల్లవాడికి తొడ ఎముకలో భరించలేని నొప్పి, జ్వరం వచ్చాయి. ఎముకలో చీము పట్టిందేమోనని సూదిమందులు ఇచ్చాము. చీము లేదు. అది గోషే వ్యాధిలో వచ్చే ఎముక సంకటం. రక్తప్రసారం అందక తుంటి ఎముక తల భాగం చచ్చిపోయింది. వాడు కుంటడం మొదలుపెట్టాడు. ఎక్స్‌రేలో తొడ ఎముక కింది భాగం రసాయనశాలలోని శంఖాకారపు గాజు ఫ్లాస్కులాగ వెడల్పుగా కనిపించింది. పుస్తకాలలో ఆ వ్యాధికి గుర్తుగా వేసే బొమ్మ అదే. దానిని కూడా నేను చూసి పక్కన పెట్టేశాను.

1986లో ఆ తల్లి రెండేళ్ళ ఆడపిల్లను తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. ఏమీ మాట్లాడలేదు. గౌను పైకి ఎత్తింది, అంతే. ఈసారి కుడి గజ్జ నుంచి మొదలుపెట్టాను. బొడ్డు దగ్గరే ప్లీహం అంచు వేళ్ళకు తగిలింది.

మరునాడు క్లినిక్ మూసివేసి నేనే వెళ్ళాను. రికార్డుల గదిలో గుమాస్తా దుమ్ము దులిపి రెండేళ్ళ నాటి కట్టలు విప్పి వెదికాడు. సగం కాగితం మీద టైపు కొట్టిన మూడు వాక్యాలు. చివరి వాక్యంలో "గోషే కణాలు" అన్న మాట. ఆ కాగితం రెండేళ్ళుగా అక్కడే ఉంది. పాప కడుపులో పడకముందే నేను దానిని తెప్పించి ఉండవచ్చునా అని లెక్క వేసుకున్నాను. ఉండలేను. శస్త్రచికిత్స నాటికే ఆమె గర్భవతి. ఆ లెక్క నాకు కొంత ఊరట ఇచ్చిన మాట నిజమే, దాచను. కాని ఆ ఊరటకు నాకు అర్హత లేదు. నాలుగేళ్ళ పిల్లవాడిని మొదటిసారి చూసినది 1982లో.

ఆ సాయంత్రం ఆ దంపతులను కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. వాళ్ళది మేనరికం. ఆమె అతని మేనమామ కూతురు. నేను మాట పూర్తి చేయకముందే అత్తగారు "మా వంశంలో లేదు బాబూ, దానివైపు నుంచే వచ్చింది" అన్నారు. ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో లెక్కలేదు. కనుక ఈ భాగాన్ని దయచేసి నిదానంగా చదవండి.

ఈ వ్యాధి రావాలంటే లోపమున్న జన్యువు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు చేరాలి. ఒకటే చేరితే బిడ్డకు ఏమీ కాదు, ఆ లోపాన్ని మోసుకు తిరిగే వాహకుడు అవుతాడు, అంతే. కనుక వ్యాధి వచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ సమానంగా వాహకులే. "దానివైపు నుంచి" అన్న మాటకు అర్థం లేదు. ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదని కొందరు అనుకుంటారు. అది తప్పు. నాణెం ఎగరవేసిన ప్రతిసారీ కొత్తగానే పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు వంతులు.

మేనరికం వలన ఈ వ్యాధి పుట్టదు. కాని మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువులలో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలి మధ్య నాలుగో వంతు. లోకం మొత్తం మీద సుమారు 40 వేల నుంచి 60 వేల జననాలలో ఒకరికి వచ్చే ఈ వ్యాధి, ఒకే తాత మనవలు ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తున్నప్పుడు ఆ ఇంట్లో అరుదైనది కాకుండా పోతుంది. తూర్పు ఐరోపా మూలాలు కలిగి, తరతరాలు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న యూదులలో ఇది దాదాపు వెయ్యి మందిలో ఒకరికి కనిపించడానికి కారణం కూడా ఇటువంటిదే. పైనుంచి ఉపదేశం చేస్తున్నానని అనుకోవద్దు. నా భార్య నా మేనమామ కూతురే. మా ఇద్దరు పిల్లలూ ఆరోగ్యంగా పుట్టడంలో నా వైద్య జ్ఞానం పాత్ర ఏమీ లేదు.

ఆ ఇంట్లో ఇద్దరు రోగుల మధ్య పుట్టిన ఆడపిల్ల ఒకతె ఉంది, పూర్తిగా ఆరోగ్యవంతురాలు. పుట్టినప్పుడే తల్లి తమ్ముడికి ఇస్తామని మాట అనుకున్నారు. 1998లో పెళ్ళి మాటలు వచ్చినప్పుడు నేను వద్దని గట్టిగా చెప్పాను. ఆ పిల్ల వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు వంతులు, ఆ మేనమామ తన అక్కతో పాటు అదే లోపాన్ని పంచుకుని ఉండే అవకాశం సగం. ఆ రోజులలో మన దగ్గర పరీక్ష చేయించి తేల్చుకునే వీలు లేదు. పెద్ద గొడవ అయింది. అల్లుడు కావలసినవాడు మా క్లినిక్ మెట్ల మీద నిలబడి నన్ను తిట్టి వెళ్ళాడు. పెళ్ళి మాత్రం బయటి సంబంధంతో జరిగింది.

పిల్లవాడు 1990లో, పన్నెండేళ్ళ వయసులో, రెండు రోజుల జ్వరంతో పోయాడు. ప్లీహం లేనివారికి కొన్నిరకాల సూక్ష్మక్రిములతో వచ్చే జ్వరం గంటలలో ప్రాణం తీస్తుంది. అందుకే నేడు ప్లీహం తీయవలసి వస్తే ముందుగానే టీకాలు వేస్తారు. గోషే వ్యాధిలోనైతే వీలైనంతవరకు ప్లీహాన్ని తీయరు. చిన్న పాపకు నేను శస్త్రచికిత్స చేయించలేదు. ఆమె పొట్టిగా, పెద్ద కడుపుతో, బడికి వెళుతూ మానుతూ పదిహేనేళ్ళు బతికి 1999లో వెళ్ళిపోయింది.

ఈ వ్యాధిలో లోపించిన ఎంజైము ఏదో అమెరికాలో రాస్కో బ్రేడీ, ఆయన సహచరులు 1965 నాటికే కనిపెట్టారు. లేని ఎంజైమును బయటనుంచి రక్తంలోకి ఎక్కిస్తే సరిపోతుందన్న ఆలోచన వాడుకలోకి రావడానికి ఇంకో ఇరవై ఐదేళ్ళు పట్టింది. 1991లో అక్కడ అనుమతి పొందిన మొదటి మందును మనుషుల మాయ నుంచి తీసేవారు. కాన్పుల తరువాత మనం పారవేసే మాయలు వేలకొద్దీ పోగుచేస్తే తప్ప ఒక రోగికి చాలేది కాదు. 1994లో ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తీసే ఇమిగ్లూసరేజ్ వచ్చింది. అంటే ఆ పాప చివరి ఎనిమిదేళ్ళూ ఆమె రోగానికి లోకంలో మందు ఉంది. ఆ సంగతి నేను పత్రికలో చదివాను కూడా. ఖరీదు చదివి పత్రిక మడిచేశాను.

ఆ మందు ఇప్పుడు మన దేశంలోనూ ఇస్తున్నారు. పదిహేను రోజులకొకసారి సెలైనులాగ ఒకటి రెండు గంటల పాటు ఎక్కించాలి, జీవితాంతం. మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది కనుక బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఫలితం మాత్రం కంటికి కనిపిస్తుంది. కొన్ని నెలలలో రక్తం పెరుగుతుంది. ఏడాది రెండేళ్ళలో కడుపు తగ్గుతుంది, ఆగిన ఎత్తు మళ్ళీ పెరుగుతుంది. ఎముకలు అన్నిటికంటె ఆలస్యంగా కోలుకుంటాయి. ఒకసారి చచ్చిన తుంటి ఎముకను ఏ మందూ బతికించదు. మెదడులోకి ఈ మందు చేరదు కనుక రెండవ రకానికి ఉపయోగం లేదు. మూడవ రకంలో కడుపుకూ రక్తానికీ పనిచేస్తుంది, మెదడు లక్షణాలకు పనిచేయదు. అందుకే ఆలస్యం చేయవద్దని ఇంతగా చెబుతున్నాను.

డబ్బు సంగతి. 2014 ఏప్రిల్‌లో దిల్లీ హైకోర్టు, రిక్షా తొక్కి బతికే ఒక తండ్రి వేసిన కేసులో, గోషే ఉన్న అతని కొడుకుకు ఉచితంగా చికిత్స చేయించాలని అక్కడి ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2021 మార్చిలో కేంద్రప్రభుత్వం అరుదైన వ్యాధులకు ఒక జాతీయ విధానాన్ని ప్రకటించింది. 2022 మేలో ఒక్కొక్క రోగికి ఇచ్చే సహాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచింది. అందుకోసం ఎంపిక చేసిన కేంద్రాలలో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటిగా ఉన్నాయి. మనవాళ్ళకు దగ్గరి దారి అదే. 50 లక్షలు పెద్ద మొత్తమే గాని, జీవితాంతపు మందుకు అది కొన్నేళ్ళకే సరిపోతుంది. ఆ తరువాత ఏమిటన్న ప్రశ్నను ఏ విధానపత్రమూ తప్పించుకోలేదు.

ఇక మన కోనసీమ. 2022 జూలై గోదావరి వరదల తరువాత బాధితులను పరామర్శించడానికి ముఖ్యమంత్రి వచ్చినప్పుడు, గోషే ఉన్న ఒక పసిబిడ్డ తల్లిదండ్రులు సహాయం కోరుతూ ప్లకార్డు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కో ఇంజెక్షను లక్షా పాతిక వేలని పత్రికలు రాశాయి. ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. ఆ అక్టోబరులో అమలాపురం ఏరియా ఆసుపత్రిలో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అమలాపురంలో! ఆ వార్త నేను రెండుసార్లు చదివాను. ఒక బిడ్డకు మందు అందడానికి వరద రావాలా, ముఖ్యమంత్రి రావాలా అన్న చిరాకు ఒకవైపు, మన ఊళ్ళోనే ఆ మందు ఎక్కుతోందన్న ఆనందం ఒకవైపు.

ఇప్పుడు మీ పిల్లల విషయం. ఇది చదివి ప్రతి బొజ్జనూ చూసి భయపడకండి. మూడేళ్ళలోపు పిల్లలకు కడుపు కొంచెం ముందుకు ఉండడం సహజం. ఆ వయసులో కాలేయం అంచు కొద్దిగా చేతికి తగలడం కూడా సహజమే. ప్లీహం పెరిగినవారిలో సైతం ఎక్కువమందికి ఇన్ఫెక్షన్లో, తలసీమియా వంటి రక్తవ్యాధులో కారణమవుతాయి. కాని ప్లీహం చేతికి బాగా తగులుతూ, జ్వరం లేకపోయినా నెలల తరబడి తగ్గకుండా ఉంటే, దానితో పాటు రక్తహీనత, రక్తస్రావం, ఎముకల నొప్పి, ఎదుగుదల ఆగడం వీటిలో ఏ ఒకటి ఉన్నా, "ఇది గోషే కావచ్చునా?" అని మీ వైద్యుణ్ణి మొహమాటం లేకుండా అడగండి. ఇనుము టానిక్కు రెండు సీసాలు తాగించినా రక్తం పెరగకపోతే మూడో సీసా కొనకండి, కారణం అడగండి. తేల్చే పరీక్ష సులభమైనదే. కొద్దిపాటి రక్తం తీసి తెల్లకణాలలో ఆ ఎంజైము ఎంత ఉందో కొలుస్తారు, తరువాత జన్యుపరీక్షతో నిర్ధారిస్తారు. దీనికోసం మూలుగలో సూది గుచ్చవలసిన అవసరం చాలా సందర్భాలలో ఉండదు. ఒక బిడ్డకు నిర్ధారణ అయితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి. తరువాతి గర్భంలో పదకొండు వారాలు దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ స్థితిని తెలుసుకునే వీలుంది. ఇంకో మాట. ఆసుపత్రి నుంచి రావలసిన రిపోర్టు ఏదైనా మిగిలి ఉంటే, బిడ్డ ఆరోగ్యంగా కనిపిస్తున్నా సరే, వెళ్ళి తెచ్చుకోండి.

ఆ వార్త వచ్చిన వారంలోనే ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. అరవై ఏళ్ళు దాటాయి, మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేక అరుగు మీదనే కూర్చుంది. కొంగుముడి విప్పి మడతపెట్టిన పత్రిక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. చదువు రాదు, మనవడి చేత చదివించుకుందట.

"డాక్టరుగారండీ, ఇది మన పిల్లల జబ్బేనాండి?"

"అదేనమ్మా."

చాలాసేపు ఊరుకుంది. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"సూది వేస్తే కడుపు తగ్గుద్దాండి?"

"తగ్గుతుందమ్మా. ఏడాది రెండేళ్ళు పడుతుంది."

"తమ్ముడు ఇప్పటికీ మా గుమ్మం తొక్కడండి," అంది కాసేపటికి. "పెద్దదాని పిల్లలిద్దరూ బాగున్నారండి. చిన్నోడు మొన్న పదో తరగతి పాసయ్యాడు." తరువాత ఆ పత్రిక ముక్కను నా దగ్గర నుంచి తీసుకుని, మళ్ళీ అవే మడతలు పెట్టి, కొంగున కట్టుకుంది.